చెయ్యి పెట్టి చూస్తే ఏమీ లేదు

మొదటిసారి వచ్చినప్పుడు భూకంపం అనుకున్నాను. తెల్లవారుజాము మూడు దాటి ఉంటుంది. మెలకువ వచ్చేసరికి మంచం సన్నగా అదురుతోంది, గోడ అవతల ఏదో మోటారు నడుస్తున్నట్టు. లేచి పరిగెత్తాలా వద్దా అనుకుంటూ పక్కకి చూశాను. బల్ల మీద గ్లాసులో సగం నీళ్లున్నాయి. కిటికీలోంచి వచ్చే వెలుగు గీత ఒకటి ఆ నీటి మీద పడి కదలకుండా నిలబడి ఉంది. మంచం అదిరితే ఆ గీత కూడా వణకాలి కదా. చెయ్యి పైకెత్తి చూసుకున్నాను. చెయ్యి కూడా నిలకడగానే ఉంది. అదురు మాత్రం ఆగలేదు. రొమ్ము ఎముక వెనకనుంచి మొదలై తొడల దాకా, లోలోపల.

మా ఆయన్ని లేపాను. "ఏవండీ, ఒక్కసారి నా వీపు మీద చెయ్యి పెట్టండి."

పెట్టారు. "ఏమైంది?"

"వణుకు తెలుస్తోందా?"

కాసేపు ఊపిరి బిగబట్టి చూశారు. "ఏమీ లేదే. కలేమైనా వచ్చిందా? పడుకో."

ఆయన అరచేయి కింద నా వీపు, సైలెంట్‌లో పెట్టిన ఫోన్ మోగుతున్నట్టు జుమ్మంటూనే ఉంది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. నెలకి రెండు మూడు సార్లు వస్తుంది, ఒక్కోసారి వరసగా మూడు రోజులు వస్తుంది. ఎక్కువసార్లు నిద్రలోంచి లేచే క్షణంలో, అప్పుడప్పుడు నిద్రలోకి జారబోతుండగా. అర నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. పక్కకి తిరిగితే తగ్గుతుంది, లేచి నడిస్తే పోతుంది. నొప్పి లేదు. దీని గురించి నా గొడవ జబ్బుతో కన్నా జవాబులతో ఎక్కువ. అది చెప్పుకుందామనే ఈ వ్యాసం.

ముందు మాటల దగ్గరే చిక్కు వచ్చింది. కదలడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి: వణుకు, అదురు, దడ, కుదుపు, జలదరింపు, గగుర్పాటు, జివ్వుమనడం, తిమ్మిరి. ఇన్ని ఉండి, నాకు కావలసిన మాట ఒక్కటీ లేదు. పైగా ఏ మాట వాడితే దానికి తగ్గ పరీక్ష రాస్తారు. వణుకు అన్నానంటే చేతులు చాచమంటారు. దడ అంటే ఈసీజీ. తిమ్మిరి అంటే బి12. అదురు అంటే కన్నదిరినట్టా అని అడుగుతారు, కాదంటే అక్కడితో సరి. నేను మొదటి డాక్టర్ దగ్గర "వణుకు" అన్నాను. అదే తప్పయింది. ఆయన నా రెండు చేతులూ చాచమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచారు. సన్న వణుకుంటే కాగితం అంచు రెపరెపలాడుతుందట. ఇద్దరం ఆ కాగితం వంకే చూశాం. అది అలాగే పడి ఉంది.

"ఏమీ లేదమ్మా. వయసు, టెన్షన్. ఎక్కువ ఆలోచించకండి" అన్నారు.

నాకు 46. ఆలోచించడం ఆ వయసులో ఆపేయాలని నాకు తెలియదు.

ఆయన మీద కోపం లేదు. పరీక్ష సరిగ్గానే చేశారు. కానీ ఆ కాగితం చెప్పింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. పగలు పదకొండు గంటలకి, కూర్చుని ఉన్న మనిషి చేతుల్లో కనిపించే వణుకు లేదని కాగితం చెప్పింది. తెల్లవారుజామున పడుకున్న మనిషి లోపల ఏమీ లేదని ఆయన చెప్పారు. "నాకు కనిపించలేదు" అన్న మాటకీ "లేదు" అన్న మాటకీ మధ్య ఉన్న దూరం రోగి ఒక్కరే నడవాల్సి వస్తుంది, అదీ అర్ధరాత్రి పూట.

సరే, నేనే కనిపెడదామనుకున్నాను. భూకంపాల గీతల్లాగా కదలికని గీసి చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. ఫోన్లో ఎలాగూ కదలికని పట్టే సెన్సర్ ఉంటుంది, స్క్రీన్ అడ్డం తిరిగేది దాని వల్లే. ఒక రాత్రి అదురు మొదలవగానే ఫోన్ తీసి రొమ్ము మీద పెట్టుకుని కదలకుండా పడుకున్నాను. పొద్దున చూస్తే గీత నున్నగా లేదు. క్రమం తప్పకుండా చిన్న చిన్న ముళ్లు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. "చూశారా, నేను చెప్పలేదూ!" అని మా ఆయన ముందు పెట్టాను. ఆయన కాసేపు చూసి, ఏమీ అనకుండా, మంచం మీద పడుకుని ఫోన్ తన గుండెల మీద పెట్టుకున్నారు. అవే ముళ్లు.

అది గుండె. ప్రతి కొట్టుకోవడానికీ రక్తం పైకి ఎగజిమ్ముతుంటే ఒళ్లు రవ్వంత వెనక్కి తగ్గుతుంది, తుపాకీ పేల్చినవాడి భుజం తగ్గినట్టు. ఇది కొత్త సంగతేమీ కాదు. స్ప్రింగు తూకం మీద మనిషి కదలకుండా నిలబడితే ముల్లు గుండెతో పాటు ఊగుతుందని 1877లోనే గార్డన్ అనే ఆయన రాసిపెట్టాడు. 1939లో అమెరికన్ డాక్టర్ ఐజాక్ స్టార్ ఆ ఊగుని కొలవడానికి రోగిని పడుకోబెట్టే బల్లే ఒకటి తయారుచేశాడు. బాలిస్టోకార్డియోగ్రఫీ అని దానికి పేరు. అంటే మనం మంచం మీద ఎంత కదలకుండా పడుకున్నా, మంచంతో పాటు ఊగుతూనే ఉన్నామన్నమాట.

కండరాల సంగతి ఇంకా విచిత్రం. ఇప్పుడే చేసి చూడండి: రెండు బొటనవేళ్లు చెవుల్లో మెల్లగా పెట్టుకుని, మోచేతులు గాల్లో ఉంచి, పిడికిళ్లు బిగించండి. దూరంగా ఉరిమినట్టు గుడగుడమంటుంది. పిడికిలి వదిలితే తగ్గుతుంది, బిగిస్తే పెరుగుతుంది. ఆ చప్పుడు మీ కండరాలది. 1665లో అచ్చయిన తన పుస్తకంలో ఇటలీ పండితుడు గ్రిమాల్డి దీని గురించి రాశాడు. 1810లో విలియం వొలాస్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడు దీన్ని రాళ్లు పరిచిన దారి మీద దూరంగా పరిగెత్తే బండి చప్పుడుతో పోల్చాడు. మా అమ్మాయి చేత కూడా చేయించాను. "అమ్మా, లోపల లారీ ఉంది" అంది. వొలాస్టన్ పోలిక కన్నా నాకు అదే నచ్చింది.

ఇక చేతుల వణుకు. సెకనుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్ల దాకా ప్రతి ఆరోగ్యవంతుడి చెయ్యీ వణుకుతుంది. లేజర్ పాయింటర్ చుక్కని దూరపు గోడ మీద వేసి నిలకడగా పట్టుకోవడానికి ప్రయత్నించండి, తెలుస్తుంది. నా వేళ్ల మీద కాగితం పరిచిన డాక్టర్ గారి చెయ్యి కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఇదంతా తెలిశాక నా ప్రశ్న మారిపోయింది. "నా ఒళ్లు నిజంగా వణుకుతోందా, లేక నాకలా అనిపిస్తోందా?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. నేనూ అదే పట్టుకుని వేలాడాను. వణకని ఒళ్లే లేనప్పుడు ఆ ప్రశ్నకి అర్థం లేదు. అడగాల్సింది ఇది: రోజంతా ఉండే ఈ రొద మామూలుగా నాకెందుకు తెలియదు, నిద్ర గడప మీద మాత్రం ఎందుకు తెలుస్తుంది?

తెలుసుకునే పరికరాలు మనలో దండిగా ఉన్నాయి. పచీనియన్ కార్పసుల్స్ అని, ఉల్లిపాయ పొరల్లా చుట్టుకుని ఉండే చిన్న గుళికలు. చర్మం లోతుల్లోనూ కీళ్ల చుట్టూ ఉంటాయి, కడుపులో పేగుల్ని పట్టి ఉంచే పొరలో కూడా ఉంటాయి. సెకనుకి 200 నుంచి 300 సార్లు అదిరే కదలికయితే, మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువైనా పట్టేస్తాయి. ఇంత సున్నితమైన వాటి కబుర్లన్నీ మెదడు వింటూ కూర్చుంటే మనం ఏ పనీ చేయలేం. అందుకే చాలావరకు గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. మెదడు నడుమ ఉండే థాలమస్ ఆ గుమ్మం. నిద్ర పట్టేటప్పుడు ఈ గుమ్మం, లోపలి ఇల్లు ఒకేసారి చీకటి పడవు. మూర్ఛ చికిత్స కోసం మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న రోగుల్ని గమనించి ఫ్రెంచ్ పరిశోధకులు 2010లో ఈ సంగతి చూపించారు: థాలమస్ ముందు సద్దుమణుగుతుంది, పై పొర అయిన కార్టెక్స్ ఆ తర్వాత కూడా కొన్ని నిమిషాలు మెలకువగానే ఉంటుంది. కాపలావాడు నిద్రపోయాడు, ఇంటాయన ఇంకా మేలుకునే ఉన్నాడు. ఆ కాసేపట్లో ఇంటాయనకి ఏ చప్పుడు ఏమిటనిపిస్తుందో ఎవరు చెప్పగలరు? నా అదురుకి ఇదే కారణమని రుజువు చేసినవాళ్లు లేరు. కానీ ఎక్కడ వెతకాలో అది చూపిస్తుంది.

నిద్ర గడప మీద జరిగే వింతలు చాలానే ఉన్నాయి, వాటికి పేర్లూ ఉన్నాయి. మెట్టు తప్పినట్టు ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడడం హిప్నిక్ జర్క్. ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. తలలో బాంబు పేలినట్టు చప్పుడు వినిపించి ఉలిక్కిపడి లేవడం ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్. పేరు భయంకరం, మనిషికి హాని లేదు. మెలకువ వచ్చినా ఒళ్లు కదలకపోవడం స్లీప్ పెరాలిసిస్. కలల నిద్రలో మనం కలని నటించకుండా మెదడు కండరాల్ని కట్టేసి ఉంచుతుంది, ఆ కట్టు విప్పడం ఆలస్యమైతే ఇలా అవుతుంది. నూటికి ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని అంచనా. ఇది వచ్చేవాళ్లలో చాలామంది గుయ్యిమనే శబ్దం గురించీ, ఒళ్లంతా కరెంటు పాకినట్టు ఉండడం గురించీ చెబుతారు. ఆత్మ దేహాన్ని విడిచి వెళ్లే ముందు వచ్చే ప్రకంపన ఇదేనని నమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదించను. నా ఆత్మ మాత్రం ఎప్పుడూ మంచం దిగలేదు, నీళ్లు తాగడానికి నేనే దిగాల్సి వచ్చింది.

ఇక భయం. లోపలి వణుకుని ఇంగ్లిష్‌లో ఇంటర్నల్ ట్రెమర్ అంటారు, ఆ మాటతో వెతికితే మొదట కనపడేది పార్కిన్సన్స్, అంటే ఒళ్లు వణుకుతూ కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మంది, ఎసెన్షియల్ ట్రెమర్ (పని చేసేటప్పుడు చేతులు వణికే జబ్బు) ఉన్నవాళ్లలో సగానికి పైగా ఈ లోపలి వణుకు ఉందన్నారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక బుర్ర పనిచేసింది. వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసి ఉందని వాన పడిందనగలమా? ఆ జబ్బులున్నవాళ్లని అడిగితే ఇంతమందికి లోపలి వణుకు ఉందన్నారు సరే. లోపలి వణుకు ఉన్నవాళ్లందరినీ పిలిచి వాళ్లలో ఎంతమందికి ఆ జబ్బులున్నాయని చూడడం వేరే లెక్క. మొదటి లెక్కని రెండోదిగా చదువుకుని భయపడేవాళ్లు నాతో కలిపి ఎందరో.

కానీ ఆ అధ్యయనం నాకు ఇంకో రకంగా పనికొచ్చింది. పార్కిన్సన్స్ రోగి "లోపల వణుకుతోంది, బయటికి కనపడదు" అంటే డాక్టర్ రాసుకుంటాడు. అదే మాట రిపోర్టులన్నీ నార్మల్ ఉన్న మనిషి అంటే టెన్షన్ అంటాడు. వాక్యం ఒకటే. లోపలి వణుకుని నమ్మడానికి పక్కన ఇంకో జబ్బు సాక్ష్యం పలకాలా? కోవిడ్ తర్వాత ఈ విషయంలో కొంత మార్పు వచ్చింది. కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి బాధలు మిగిలిపోయే లాంగ్ కోవిడ్ మీద అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అధ్యయనంలో మూడో వంతుకు పైగా మంది లోపలి వణుకు గురించి చెప్పారు. అందరూ కలిసి ఒకే సంగతి చెప్పేసరికి డాక్టర్ల లెక్కల్లో దానికి ఒక గడి దొరికింది. ఒక్కొక్కరుగా చెప్పినన్నాళ్లూ అది ఆ ఒక్కొక్కరి నరాల బలహీనత.

టెన్షన్ సంగతికి వద్దాం. ఆ మాటని నేను కొట్టిపారేయడం లేదు. ఆందోళనలో ఊరే అడ్రినలిన్ కండరాల మీద నేరుగా పనిచేసి వణుకు పుట్టిస్తుంది. ఆస్తమాకి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినవాళ్లకి చేతులు వణకడం చూసే ఉంటారు, అదీ ఆ దారినే. కాబట్టి టెన్షన్ ఒక కారణమైతే అవ్వొచ్చు. నా అభ్యంతరం, దాన్ని ఫుల్‌స్టాప్‌గా వాడడం మీద. నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉక్కిరిబిక్కిరై లేచినా అడ్రినలిన్ ఎగుస్తుంది. రాత్రి షుగర్ 70 కన్నా కిందికి పడిపోయినా ఎగుస్తుంది. థైరాయిడ్ ఎక్కువైతే అడ్రినలిన్ పెరగకుండానే పెరిగినట్టు ఒళ్లు ప్రవర్తిస్తుంది. మెనోపాజ్ దగ్గరపడే ఏళ్లలో వేడి ఆవిర్లతో పాటు గుండె దడ వచ్చి లేపేయడం మామూలే. ఇవన్నీ రోగి నోటినుంచి వచ్చేసరికి "ఏదో దడగా, వణుకుగా, భయంగా ఉందండీ" అనే వస్తాయి. అంటే టెన్షన్ లాగే వినపడతాయి. అన్నీ చూశాక చివర్న టెన్షన్ అంటే వినడానికి నేను సిద్ధమే. కాగితం ఒక్కటి పరిచి అంటే వినను.

ఇంకో మాట, టెన్షన్ ముందా, వణుకు ముందా? నాకైతే మొదటి నెల వణుకు మాత్రమే ఉంది. పార్కిన్సన్స్ గురించి చదివాక టెన్షన్ వచ్చింది, అది వచ్చాక వణుకు పెరిగింది. రెండో నెలలో నన్ను చూసిన ఎవరికైనా టెన్షన్ మనిషిలాగే కనపడి ఉంటాను.

నోట్‌బుక్ రాయడం మొదలుపెట్టింది అప్పుడే. చిన్నదే, పేజీకి నాలుగు గీతలు: ఎప్పుడు వచ్చింది, నిద్రలోకి పోతుండగానా లేస్తుండగానా, ఎలా పడుకుని ఉన్నాను, ముందు రోజు ఎన్ని గంటలు నిద్రపోయాను. మొదటి వారం ఇది బెడిసికొట్టింది. అదురు రాగానే లైటు వేసి రాయడం వల్ల దాని కోసం కాపలా కాసినట్టయింది, వారంలో నాలుగు సార్లు వచ్చింది. ఫోన్ జేబులో లేకపోయినా మోగినట్టనిపించడం మనలో చాలామందికి అనుభవమే కదా, ఎదురుచూసే మనసుకి చర్మం కూడా వంత పాడుతుంది. అందుకని రాత్రి రాయడం మానేసి, పొద్దున్నే గుర్తున్నంత రాశాను. ఆరు నెలలకి ఒక తీరు బయటపడింది. పద్దెనిమిదిలో పదిహేను సార్లు లేస్తుండగానే. దాదాపు అన్నిసార్లూ వెల్లకిలా. ముందు రాత్రి ఐదు గంటల లోపు నిద్రపోయినప్పుడు ఎక్కువ. సాయంత్రం కాఫీ తాగిన రోజులకీ దీనికీ సంబంధం ఉంటుందనుకున్నాను, తాగిన కాఫీలో సగం కెఫీన్ ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి. నా నోట్‌బుక్‌లో మాత్రం తేడా కనపడలేదు. కాఫీ బతికిపోయింది.

ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి "వణుకు" అనలేదు. "దిండు కింద ఫోన్ సైలెంట్‌లో మోగితే ఎలా ఉంటుందో, అలా ఒంటి లోపల ఉంటుంది. బయట ఎవరికీ తెలియదు" అన్నాను. మాటల గొడవలో ఇంతకాలం కొట్టుకుని, చివరికి ఫోనే గతయింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "పడుకునేటప్పుడా, లేచేటప్పుడా?" రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఆవిడొక్కరే. తర్వాత గురక ఉందా అని మా ఆయన్ని అడిగారు, ఆయన మొహమాటపడి నా వంక చూశారు. ఈమధ్య ఏ మందైనా మొదలుపెట్టారా, ఆపారా అన్నారు. డిప్రెషన్ మందులూ నిద్రమాత్రలూ ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో కరెంటు కొట్టినట్టు, వణికినట్టు ఉండడం తెలిసిన సంగతేనట, అందుకే వాటిని డాక్టర్‌ని అడగకుండా ఆపకూడదు. సాయంత్రాలు కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం ఉందా అన్నారు. అది రెస్ట్‌లెస్ లెగ్స్, ఐరన్ నిల్వలతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఫెరిటిన్ చూస్తారు. థైరాయిడ్, షుగర్, బి12, ఫెరిటిన్ రాశారు. ఒక రాత్రి స్లీప్ స్టడీ కూడా.

ఏవి ఉంటే ఆగకుండా రావాలో కూడా చెప్పారు. వణుకు పైకి కనపడడం, అదీ ఒక్క పక్కే ఉండడం. చెయ్యో కాలో బలం తగ్గడం, మొద్దుబారడం. నాలుక కొరుక్కుని లేవడం, లేచాక కాసేపు ఎక్కడున్నామో తెలియకపోవడం. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం. షుగర్ మందులు వాడేవాళ్లయితే వణుకు వచ్చిన ఆ నిమిషంలోనే గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, పొద్దున దాకా ఆగకూడదు. ఇదంతా చెప్పడానికి ఆవిడకి నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. "ఎక్కువ ఆలోచించకండి" అని ఎవరో చెప్పిన దానికన్నా, దేని గురించి ఆలోచించాలో తెలిశాక నా ఆలోచనలు తగ్గాయి.

రిపోర్టుల్లో ఫెరిటిన్ కొంచెం తక్కువ. మాత్రలు వాడాను, ఫెరిటిన్ పెరిగింది, అదురు ఎప్పటిలాగే ఉంది. గురక ఉంది కానీ ఊపిరి ఆగడం లేదు. మిగతావన్నీ నార్మల్. స్లీప్ స్టడీ రాత్రి అదురు రానే లేదు, ఇలాంటివి సాక్షుల ముందు రావు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ ఫైల్లో రాస్తుంటే వంగి చూశాను. లోపలి ప్రకంపన, నిద్ర లేచేటప్పుడు, కారణం తెలియలేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి. అంతే రాశారు. టెన్షన్ అన్న మాట లేదు. "ఏమీ లేదు" అన్నదీ లేదు. కారణం తెలియలేదని రాసి ఉంటే మనిషికి అంత ఊరట కలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని ఫోటో కూడా తీసుకున్నాను.

మొన్న మంగళవారం మళ్లీ వచ్చింది. మూడున్నర. వెల్లకిలా ఉన్నాను, ముందు రోజు నిద్ర తక్కువ. గ్లాసులో నీళ్లు చూడలేదు, చేతులు చూసుకోలేదు. పక్కకి తిరగబోతుంటే మంచం కదిలినట్టుంది, మా ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి నా వీపు మీద పెట్టారు.

"వచ్చిందా?"

"ఊఁ."

"నాకేం తెలియడం లేదు."

"తెలియదు లెండి" అన్నాను. చెయ్యి మాత్రం తీయలేదాయన.